పై గది అమ్మాయీ పద్నాలుగు కోడిపిల్లలూ

పెళ్ళయిన నలభై మూడేళ్ళకి మొదటిసారి మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వడం విన్నాను. కరోనా వచ్చిన మొదటి వసంతం అది. జర్మనీలో, ఆకెన్‌లో మా ఇంటి నేలమాళిగలో, బట్టలుతికే గదిలోంచి వచ్చిందా నవ్వు. మెషిన్లోంచి దుప్పట్లు తీసుకుందామని దిగుతున్నదాన్ని సగం మెట్ల మీదే ఆగిపోయాను. ఆయన్ని అలా నవ్వించింది నేను కాదు. పై గదిలో అద్దెకుంటున్న అమ్మాయి.

అప్పటికి నాకు డెబ్భై, ఆయనకి డెబ్భై నాలుగు. ఇద్దరం రిటైరయ్యాం. నేను ముప్ఫై ఏళ్ళు ఇక్కడి ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా పనిచేశాను. ఆయన యంత్రాల కంపెనీలో ఇంజనీరు. నాది విశాఖపట్నం, మా నాన్నగారూ డాక్టరే. ఆయనది అద్దంకి దగ్గర పల్లెటూరు. ఆయన మితభాషి. పెళ్ళయిన కొత్తలో ఆయన బాల్యం గురించి నేను విన్నవి నాలుగే నాలుగు మాటలు: బావి దూరం, కరెంటు లేదు, లెక్కల మాస్టారు మంచివాడు, స్కాలర్‌షిప్ వచ్చింది. అంతకంటే చెప్పుకోవడానికి ఏమీ లేదనుకున్నాను. మాట్లాడని మనుషులుంటారు, మా ఆయన అలాంటివాడు అని పది మందికీ నేనే చెబుతూ వచ్చాను.

మా అబ్బాయి హాంబర్గ్‌లో స్థిరపడ్డాక వాడి గది ఖాళీగా ఉండేది. యూనివర్సిటీలో మాస్టర్స్ చదవడానికి వచ్చిన ఈ అమ్మాయికి ముందటి అక్టోబరులో అద్దెకిచ్చాం. దర్శి వైపు పిల్ల. సన్నగా, పొడుగ్గా, చేతికి ఎప్పుడూ ఏదో ఒక పని కావాలన్నట్టు ఉండేది. వచ్చిన రోజే వంటింటి వేళలు, చెప్పులు విప్పే చోటు, చెత్త వేరు చేసే పద్ధతి అన్నీ కాగితం మీద రాసిచ్చాను. "సరే డాక్టరాంటీ," అంది. ఆరు నెలల్లో ఒక్క నియమమూ తప్పలేదు. సాయంత్రాలు ఒక సూపర్ మార్కెట్‌లో సరుకులు సర్దే పనికి వెళ్ళేది. మాతో మాటలు అంతంతమాత్రమే.

మార్చిలో బళ్ళు మూసేశారు. మా వీధి చివర్లో ఉండే టీచరు ఒకావిడ తన క్లాసు పిల్లలకి చూపించడానికని మిషన్లో గుడ్లు పొదగేసిందట. బడి మూతపడింది కానీ గుడ్లకి ఆ సంగతి తెలియదు కదా. ఆవిడ మిషన్ని ఇంటికి తెచ్చుకుంది, ఏప్రిల్ మొదట్లో పద్నాలుగు పిల్లలయ్యాయి. ఆవిడది మూడో అంతస్తు, తోట లేదు. కంచె అవతల నిలబడి మా ఆయన్ని అడిగింది. ఆయన నన్ను అడగకుండానే సరేనన్నారు. నేను చూసేసరికి ఒక అట్టపెట్టె పట్టుకుని, మూతికి మాస్కుతో, దొంగలా నేలమాళిగ మెట్లు దిగుతున్నారు.

"ఏమండీ, ఏమిటది?"

"పిల్లలు," అన్నారు. "కొన్నాళ్ళే."

ఆ కీచుకీచులు విని పై నుంచి అమ్మాయి దిగివచ్చింది. పెట్టెలోకి ఒక్కసారి చూసి, "అయ్యో, చలికి ముద్దకట్టినయ్ అంకుల్. బల్బు లేదా?" అంది. ఆయన టేబుల్ లైటు తెచ్చారు. ఆమె చేత్తో గాలిలో ఎత్తు కొలిచి, పిల్లలకి జానెడు పైన ఉండేలా దాన్ని కుర్చీకి కట్టింది. కాసేపటికి ముద్ద విడిపోయి ఒక్కొక్కటే పక్కకి నడిచాయి. అప్పుడు చెప్పింది, వాళ్ళ నాన్నకి పొలం పక్కన కోళ్ళ షెడ్డు ఉందని, పదో ఏట నుంచీ కొత్త కోడిపిల్లల్ని షెడ్డులోకి దింపిన మొదటి వారం ఆమే కాపలా అని.

"మా అమ్మ గంప కింద మూసేది," అన్నారు మా ఆయన. "గంప మీద గోనెసంచి, దాని మీద రాయి."

ఆ మాట ఆయన నోటి నుంచి నేనెప్పుడూ వినలేదు. గంప.

ఆ రోజు నుంచి పొద్దున్న కాఫీ తాగడం ఆలస్యం, ఆయన కిందికి దిగిపోయేవారు. యూనివర్సిటీ మూసేశారు కాబట్టి ఆ అమ్మాయీ ఖాళీయే. ఇందాక చెప్పిన నవ్వు అప్పటిదే. టీచరు కంచె దగ్గరికొచ్చి పిల్లలెలా ఉన్నాయని అడిగిందట. మన అమ్మాయి తనకొచ్చిన నాలుగు జర్మన్ ముక్కల్లో, అవి బ్రూడర్‌లో హాయిగా ఉన్నాయని చెప్పింది. కోడిపిల్లల్ని వెచ్చగా పెంచే పెట్టెని మనవాళ్ళు బ్రూడర్ అనే అంటారు. జర్మన్‌లో బ్రూడర్ అంటే అన్నో తమ్ముడో. ఆ టీచరు కళ్ళు పెద్దవి చేసి, "మీ అన్నయ్యతోనా? ఆయన కూడా ఇక్కడే ఉంటున్నారా? మున్సిపాలిటీలో రిజిస్టర్ చేయించారా?" అని అడిగిందట. అమ్మాయి అనుకరించి చెబుతోంది. ఆయన నవ్వి నవ్వి దగ్గి, మళ్ళీ నవ్వుతున్నారు. నేను దిగేసరికి కళ్ళు తుడుచుకుని, "ఏమీ లేదు, ఊరికే," అన్నారు. నేను దుప్పట్లు తీసుకుని పైకొచ్చేశాను. వంటింట్లో ఆ దుప్పట్లని నాలుగు మడతలు వేసి, విప్పి, మళ్ళీ వేశాను.

ఇందులో అసూయ పడడానికి ఏముంది అని ఎవరైనా అంటారు. ఆమె మనవరాలి ఈడుది. నాది అలాంటి అసూయ కూడా కాదు. నాతో "ఏమిటి" అనే మనిషి ఆ పిల్లతో "ఏంది" అంటున్నాడు. నాతో "ఎలా" అనే మనిషి ఆమెతో "ఎట్టా" అంటున్నాడు. నేను కాపురం చేసినాయన లోపల ఇంకొకాయన ఉన్నాడని, ఆయన గలగలా మాట్లాడతాడని, ఆయన్ని చూడాలంటే నా ఇంట్లోనే నేను తలుపు చాటున నిలబడాలని అర్థమైంది.

నిలబడ్డాను కూడా. బట్టలు తెచ్చే వంకతో, బంగాళాదుంపలు తెచ్చే వంకతో. చిన్నప్పుడు ఆయన పని గద్ద కాపలా అట. వాకిట్లో తల్లికోడి పిల్లల్ని తిప్పుతుంటే అరుగు మీద రేకు డబ్బా పెట్టుకుని కూర్చోవాలి. ఆకాశంలో నీడ కనబడగానే డబ్బా వాయించాలి. ఒకరోజు నిద్రపోయాడు. రెండు పిల్లల్ని తన్నుకుపోయింది. అమ్మ తిట్టలేదు, అన్నం పెట్టింది, అన్నం పెడుతూ ఏడ్చింది. ఇంకొకటి, కాలు అవిటిదైన పెట్ట ఆయన మంచం కిందే పడుకునేది. దాన్ని పండక్కి కోస్తారని తెలిసి ఎత్తుకుని చేనుకి పారిపోయాడు. ఇవన్నీ నేను డెబ్భై ఏళ్ళ వయసులో బంగాళాదుంపల బుట్ట పట్టుకుని మెట్ల మీద నిలబడి విన్నాను.

వారం తిరిగేసరికి ఆమె "అంకుల్" మానేసి "పెదనాన్నా" అనడం మొదలుపెట్టింది. నేను మాత్రం డాక్టరాంటీనే.

నేలమాళిగ నుంచి దుమ్ము, వాసన పైకి రావడం మొదలైన మాట నిజం. దానికి పదింతలు చేసి చెప్పిన మాటా నిజమే. "బయట పెట్టండి, లేదా ఇచ్చెయ్యండి. మీ ఊపిరితిత్తులకి ఈ దుమ్ము మంచిది కాదు," అన్నాను. ఆయన వాదించలేదు. ఆ మర్నాటికి తోటలో పెద్ద పనే మొదలైంది.

ఏప్రిల్‌లో ఇక్కడ పగలు ఎండ, తెల్లవారుజామున పళ్ళు కొరికే చలి. పది రోజుల పిల్లల్ని బయట ఉంచాలంటే గాలి, వాన, ఎలుకలు, మార్డర్ అనే పిల్లి అంత జంతువు, అన్నిటి నుంచీ కాయాలి. మార్డర్ మా కారు వైర్లు కూడా రెండుసార్లు కొరికింది. మా ఆయన గ్రాఫు కాగితం మీద బొమ్మ గీశారు. మా అబ్బాయి పాత బట్టల బీరువాని తోటలోకి మోసి, వెల్లకిలా పడుకోబెట్టారు. తలుపులే మూతలయ్యాయి. కింద ఇటుకలు పెట్టి నేల తేమ తగలకుండా ఎత్తారు. అడుగున సన్న కన్నాల ఇనుపజాలీ కొట్టారు. ఒక సగం వెచ్చటి గది, అందులో గొలుసుకి వేలాడే ఎర్ర బల్బు. రెండో సగానికి పైన జాలీ, అక్కడ మేత, నీళ్ళు. మధ్యన పాత కంబళిని పీలికలు చేసి తెరలా కట్టారు. చల్లగా ఉంటే పిల్లలు ఆ తెర తోసుకుని లోపలికి పోవాలి, వేడెక్కితే బయటికి రావాలి.

అంతా వంటింటి కిటికీలోంచి చూశాను. ఊక దొరకదు కాబట్టి చిన్న జంతువుల కోసం అమ్మే చెక్క పొట్టు పరిచారు. అమ్మాయి నీళ్ళ పళ్ళెంలో గులకరాళ్ళు వేసింది, పిల్లలు పడి మునగకుండా. ఆయన నాలుగు చోట్ల నాలుగు థర్మామీటర్లు తగిలించబోతే ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"అవన్నీ ఎందుకు పెదనాన్నా? పిల్లల్ని చూడండి. బల్బు కింద గుమిగూడితే చలి. దూరంగా పోయి నోరు తెరిస్తే ఉక్క. అంతటా పరుచుకుని పడుకుంటే సరిపోయిందని."

"ఇంజనీర్ని పట్టుకుని థర్మామీటర్ వద్దంటావేందమ్మా!"

"ఒకటి ఉంచుకోండి, మీ తృప్తికి."

ఆఖర్న ఆమె అట్టముక్కలు వంచి పెట్టె నాలుగు మూలల్లో గుండ్రంగా నిలబెట్టింది. "మూల అంటూ ఉంటే బెదిరినప్పుడు అందులోకి దూరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతయ్. కిందవి ఊపిరాడక సచ్చిపోతయ్. మా షెడ్డులో ఒక్క రేత్రి నూట..." అని ఆగి, "చానా పోయినయ్ ఒకసారి," అంది. నేను టీ మూడు కప్పులు పోశాను. తర్వాత ఒక కప్పు తిరిగి కెటిల్లో పోసి, ఆయన్ని భోజనానికి పిలిచాను. ఇంకా పదకొండున్నర కూడా కాలేదు.

ఆ సాయంత్రమే ఇంకో సంగతి జరిగింది. సూపర్ మార్కెట్‌లో ఆమెతో పాటు సరుకులు సర్దే ఒకమ్మాయికి జ్వరం, దగ్గు వచ్చి టెస్టుకి పంపారు. మన అమ్మాయి గుమ్మంలోనే నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా, ఆ మాట తనే చెప్పింది. నేను డాక్టర్ని. ఇంట్లో డెబ్భై నాలుగేళ్ళ ఆస్తమా మనిషి ఉన్నారు. "పద్నాలుగు రోజులు గదిలోంచి కదలకు. భోజనం తలుపు దగ్గర పెడతాను," అన్నాను. ఎవరైనా అదే చెప్పేవాళ్ళు. ఆ మాట చెప్పినందుకు నాకు ఏ పశ్చాత్తాపమూ లేదు. చెప్పేటప్పుడు నాకు లోపల తేలిగ్గా, దాదాపు సంతోషంగా అనిపించింది. అందుకు మాత్రం ఉంది.

పిల్లల్ని బయటి పెట్టెలోకి మార్చే రోజు ఆమె స్థానంలో నేనున్నాను. చేతులకి గ్లౌజులు వేసుకుని ఒక్కొక్క పిల్లనీ అందించాను. ఆయన మర్యాదగా, "మెల్లిగా. ఇలా. చాలు," అన్నారు. ఏమిటి, ఎలా, ఇలా. అదే పాత మనిషి. గంప గురించి అడిగితే చెబుతారేమో అనుకుని, "మీ అమ్మగారు కూడా ఇలాగే పెంచేవారా?" అన్నాను. "అప్పట్లో వేరు," అన్నారు. అని తలెత్తి పై కిటికీ వైపు చూశారు. ఆమె కిటికీ తెరిచి మోచేతులు ఆనించి నిలబడి ఉంది.

"బల్బు ఒక లంకె పైకి ఎత్తండి పెదనాన్నా, అంచులకి పోతన్నయ్!"

"ఎత్తా!" అని ఆయన అరిచారు. ఆ గొంతు నాతో మాట్లాడే గొంతు కాదు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఇంటి ఫోను మోగింది. ఆయన తోటలో ఉన్నారు. సూపర్ మార్కెట్ నుంచి ఆమె సూపర్‌వైజరు. మొబైల్ ఎత్తలేదని ఇంటికి చేశాడట. జ్వరం వచ్చిన అమ్మాయికి టెస్టులో ఏమీ లేదు, మామూలు జలుబే, రేపటి నుంచి పనికి రావచ్చని చెప్పమన్నాడు. "చెబుతాను," అన్నాను. ఫోను పెట్టేశాను. ట్రేలో అన్నం, పప్పు, పెరుగు సర్దుకుని పైకెళ్ళి తలుపు దగ్గర పెట్టి, రెండుసార్లు తట్టి, దిగి వచ్చేశాను.

సాయంత్రం చెబుదామనుకున్నాను. సాయంత్రం అయ్యాక, టెస్టులు తప్పు కూడా రావచ్చు కదా, ఇంకో రెండు రోజులు ఆగితే నష్టమేమిటి అని నాకు నేనే వైద్యం చెప్పుకున్నాను. మర్నాడు ఆ వైద్యం కూడా అవసరం లేకపోయింది, చెప్పకుండా ఉండడం అలవాటైంది. ఆమె తలుపు అవతల నుంచి, "థాంక్స్ డాక్టరాంటీ. పెదనాన్నకి దగ్గు ఏమన్నా ఉందా?" అని రోజూ అడిగేది. "లేదు," అనేదాన్ని.

ఫోను వచ్చిన మూడు రోజులకి, పొద్దున్న ఆయన మేత కోసం ఊరి బయట రైతుల దుకాణానికి వెళ్ళారు. అక్కడ బయట వరసలో నిలబడాలి, గంటా రెండు గంటలు పడుతుంది. పెట్టె శుభ్రం చేస్తానని నేనన్నాను. పొట్టు మార్చాను, నీళ్ళు మార్చాను. మూలల్లో అట్టలు తడిసి, రెట్టలు పట్టి అసహ్యంగా ఉన్నాయి. కొత్తవి కోసి పెట్టొచ్చు. పెట్టలేదు. అవి ఆమె పెట్టినవి. నాలుగూ పీకి చెత్తలో వేశాను. ఇప్పుడు పెట్టె తిన్నగా, నాలుగు మూలలతో, నేను సర్దినట్టుగా ఉంది.

పదకొండు గంటలకి పడమటి నుంచి గాలి లేచింది. మా వైపు వాన బెల్జియం మీదుగా వస్తుంది, వచ్చేటప్పుడు పెద్దగా హెచ్చరిక ఉండదు. పది నిమిషాల్లో మబ్బు కమ్మి, వాన కాదు, వడగళ్ళు మొదలయ్యాయి. బీరువా చెక్క మీద ఆ చప్పుడు వంటింట్లోకి వినబడింది. గొడుగు తీసుకుని పరిగెత్తాను. ఆ పరుగులోనే ఎర్ర వెలుగు ఆరిపోవడం చూశాను. తీగ అతుకులోకి నీళ్ళు పోయి ఇంట్లో సేఫ్టీ స్విచ్ పడిపోయింది.

తలుపు ఎత్తేసరికి పిల్లలు కనబడలేదు. పడమటి మూలలో ఒక పసుపు ముద్ద ఉంది. చప్పుడుకి బెదిరి, చలికి వణికి, పద్నాలుగూ ఆ మూలలోకి దూరి ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి. మనుషులకి ఊపిరి ఆడుతోందో లేదో చూస్తూ బతికినదాన్ని. అడుగున ఉన్నవాటికి ఆడడం లేదని చూడగానే తెలిసింది. చేతులతో పైవాటిని తీసి ఏప్రన్‌లో వేసుకున్నాను. అడుగువి మెత్తగా, తల వేలేసి వచ్చాయి. ఏప్రన్ కొంగు పట్టుకుని ఇంటి వైపు పరిగెత్తుతూ పైకి అరిచాను.

కిటికీ అప్పటికే తెరిచి ఉంది. ఆమె చూస్తూనే ఉంది. జుట్టు తడిసిపోయింది. దిగిరాలేదు. నేను తలెత్తగానే అడిగింది:

"ఆంటీ, నేను రావచ్చా?"

వడగళ్ళలో, పిల్లలు చచ్చిపోతుంటే, నా అనుమతి అడుగుతోంది. అంతసేపూ ఆ గడప దాటకుండా నిలబడింది మా కోసం.

"రా," అన్నాను. "త్వరగా రా."

మాస్కు పెట్టుకుని, చేతులకి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని వచ్చింది. వంటింటి బల్ల మీద తువ్వాలు పరిచి, "మీరు స్విచ్ ఎత్తండి, నీళ్ళు కాగబెట్టండి," అంది. వెచ్చటి సీసాని గుడ్డలో చుట్టింది. హెయిర్ డ్రయర్ దూరంగా పట్టుకుని ఒక్కొక్కదాన్నీ ఆరబెట్టింది. తల వేలేసినవాటిని అరచేతిలో బోర్లా పెట్టి వేలితో వీపు రుద్దింది. నేను ఎన్నో వేల మందికి శ్వాస నిలబెట్టిన మనిషిని, ఆ పిల్ల చెప్పినట్టు చేశాను. ఒకటి కొక్కెంలా ముడుచుకుని, కాసేపటికి నోరు తెరిచింది. ఇంకొకటి లేచింది. మూడు లేవలేదు.

"అట్టలు యాడికి పోయినయ్ ఆంటీ?" అని అడిగింది. గొంతులో ఆరోపణ లేదు. అర్థంకాక అడిగింది, అంతే.

"నేనే తీసేశాను," అన్నాను. ఆ ఒక్కటే చెప్పి ఊరుకోవచ్చు. ఆమె నాకు రెండడుగుల దూరంలో, మొహం పక్కకి తిప్పుకుని, నా మీద ఊపిరి పడకుండా జాగ్రత్తగా నిలబడి ఉంది. అది చూస్తూ ఊరుకోలేకపోయాను. "ఆ మాస్కు తీసెయ్. నీ స్నేహితురాలికి ఏమీ లేదట. మూడు రోజుల కిందటే ఫోన్ వచ్చింది. నేను చెప్పలేదు."

ఆమె డ్రయర్ ఆపేసింది.

"మర్చిపోయారా?"

ఔనంటే అక్కడితో అయిపోయేది. "లేదు," అన్నాను. "నువ్వు కిందికి రాకూడదని చెప్పలేదు."

చేతిలో పిల్లని తువ్వాల్లో పెట్టింది. "వారం రోజుల్నించీ నాకు నిద్ర లేదాంటీ," అంది. "పెదనాన్న దగ్గితే గోడకి చెవి పెట్టి విన్నా. ఆయనకేమన్నా అయితే నా వల్లే అని కూర్చున్నా. మా అమ్మతో కూడా చెప్పలా. ఫోన్ చేస్తే ఏడుస్తానని ఎత్తలా, ఎవరిదీ ఎత్తలా." గొంతు పెరిగింది. "మీరు డాక్టరు. మీరు చెప్పారని నేను ఆ గదిలో ఉన్నా. ఇంకెవరన్నా చెబితే ఉండేదాన్ని కాదు."

నేను క్షమించమన్నాను. అది వినిపించుకున్నట్టు లేదు. బతికిన పదకొండింటినీ అట్టపెట్టెలో పెట్టుకుని, సీసా పక్కన సర్దుకుని, నేలమాళిగలోకి వెళ్ళిపోయింది.

మా ఆయన మేత బస్తాతో తడిసి వచ్చారు. ఆమె ఆయనకి వడగళ్ళ సంగతి మాత్రమే చెప్పింది. ఫోను సంగతి చెప్పలేదు. నాకు అది ఇంకా కష్టమైంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఆయన ఎదురుగా కూర్చుని నేనే అంతా చెప్పాను. అట్టలు, ఫోను, పోసి మళ్ళీ కెటిల్లో కలిపిన టీ కూడా.

"ఎందుకు?" అన్నారు.

"మీరు నాతో నలభై మూడేళ్ళలో గద్ద గురించి చెప్పలేదు. ఆ అమ్మాయికి నాలుగు రోజుల్లో చెప్పారు. నాకెందుకు చెప్పలేదు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడిచారు. ఆయనకి ఆలోచించే అవసరం రాలేదు, ఆ జవాబు ఎప్పటి నుంచో సిద్ధంగా ఉన్నట్టుంది. "చెప్పాను," అన్నారు. మేమిక్కడికి వచ్చిన మొదటి ఏడు, నా ఆసుపత్రిలో పనిచేసే మన డాక్టర్లు నలుగురిని భోజనానికి పిలిచామట. కోడికూర వడ్డిస్తుంటే ఆయన అవిటి పెట్ట కథ మొదలుపెట్టారట. "ఏందో, దాన్నెత్తుకుని చేనుకి ఉరికా" అన్నారట. నేను నవ్వి అందరితో, "ఈయనకి ఏంది ఎట్టా మాన్పించడానికి నాకు పదేళ్ళు పట్టేలా ఉంది" అన్నానట. అందరూ నవ్వారట.

"నాకు గుర్తు లేదు," అన్నాను. నిజంగా లేదు.

"నీకు పదేళ్ళు అక్కర్లేకపోయింది," అన్నారు ఆయన. కోపంగా అనలేదు. లేచి వెళ్ళి కిటికీ షట్టర్లు దించారు.

నా అసూయంతా ఆ పిల్ల మీద పోశాను. ఆమె నా దగ్గర నుంచి తీసుకున్నదేమీ లేదు. నేను ఒక మాటతో వాకిలి మూయిస్తే, ఆమె అది తెలియకుండానే తెరిచింది. ఇది అర్థమైనంత మాత్రాన అసూయ తగ్గుతుందనుకుంటారు. తగ్గలేదు. ఆ రోజు నుంచి దానికి సిగ్గు తోడైంది, అంతే.

మర్నాడు ముగ్గురం కలిసి బ్రూడర్ మళ్ళీ సిద్ధం చేశాం. పెట్టె ముఖం గోడవైపు తిప్పి, పడమట రేకు కట్టి, తీగ అతుకుని డబ్బాలో పెట్టి మూశారు ఆయన. అట్టలు నేను కోశాను. ఆమె వంచి పెట్టింది. "ఇంకాస్త వెడల్పు," అంది ఒకసారి, "చాలు," అంది ఇంకోసారి. నాతో ఆ రోజు ఆమె మాట్లాడింది అంతే. చనిపోయిన మూడింటినీ ఆయన మల్బెరీ పొద కింద పూడ్చారు.

జూన్‌కల్లా ఈకలు నిండాయి. పదకొండింట్లో నాలుగు పుంజులు. అవి కూతలు మొదలుపెట్టగానే పక్కింటివాళ్ళు మర్యాదగా ఉత్తరం రాశారు, ఒక రైతుకి ఇచ్చేశాం. ఏడు పెట్టలు మిగిలాయి. ఆ అమ్మాయి అక్టోబరులో యూనివర్సిటీ దగ్గర హాస్టల్లో గది దొరికిందని వెళ్ళిపోయింది. నిజంగా గది దొరికే వెళ్ళిందో, నా వల్ల వెతుక్కుందో అడగలేదు. తాళంచెవి నా చేతికిస్తూ, "వెళ్ళొస్తా డాక్టరాంటీ," అంది. గది అద్దంలా తుడిచిపెట్టి వెళ్ళింది.

మా ఆయన నాతో ఇప్పుడు కొంచెం మాట్లాడతారు. నేను అడిగితే. ఒక్కోసారి అడగకుండా కూడా. చేలో దాక్కున్న రోజు రాత్రి వాళ్ళ నాన్న లాంతరుతో వెతుక్కుంటూ వచ్చి, పెట్టనీ పిల్లాడినీ కలిపి భుజానెత్తుకున్నారని పోయిన శీతాకాలం చెప్పారు. ఒకరోజు పేపరు చదువుతూ "ఏందిది?" అన్నారు నాతో. విన్నానని తెలిస్తే మళ్ళీ అనరేమోనని నేను తలెత్తలేదు.

రెండేళ్ళ తర్వాత, మాస్కుల నియమాలు సడలుతున్న రోజుల్లో, ఆ అమ్మాయి వచ్చింది. చదువు అయిపోయింది, ఉద్యోగం వచ్చింది. స్వీట్ల డబ్బా బల్ల మీద పెట్టి నేరుగా తోటలోకి వెళ్ళింది. ఆయన వెనకే వెళ్ళారు. ఇద్దరూ ఒక్కొక్క పెట్టనీ చూపించుకుంటూ గంటసేపు మాట్లాడుకున్నారు. నేను టీ మూడు కప్పులు పోసి, మూడూ ట్రేలో పెట్టుకుని, మోకాళ్ళ నొప్పితో ఒక్కొక్క మెట్టే దిగుతూ బయటికి తీసుకెళ్ళాను. ఆమె నా చేతిలోంచి ట్రే అందుకుంది. "మీ మోకాళ్ళు ఎట్టా ఉన్నయ్ ఆంటీ?" అంది.

క్షమించి అడిగిందో, పెద్దవాళ్ళని అడగాలి కాబట్టి అడిగిందో నాకు తెలియదు. మెట్లు దిగడమే కష్టంగా ఉందని చెప్పాను.